ఎదెల్మీరా తిట్లబడి

కాంగ్రేహో రేవులో పొద్దున్నే పడవలకంటే ముందు ఒడ్డుకి చేరేది ఎదెల్మీరా గొంతు. "మొహార్రా! మొహార్రా చేపలు! కళ్ళు చూడు తల్లీ, నీ మొగుడి కళ్ళకంటే తేటగా ఉన్నాయి!" అని ఆమె ఒక్క కేక వేస్తే కొనేవాళ్ళు కొనేవాళ్ళు, కొననివాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. పద్నాలుగో ఏట తల్లి పక్కన చేపల బల్ల దగ్గర నిలబడింది. ఇప్పుడు యాభై మూడు. మొగుడు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, మితభాషి. ఆ ఇంట్లో ఇద్దరి వంతూ ఆమే మాట్లాడేస్తుందని రేవులో చెప్పుకుంటారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఎదెల్మీరా విషయంలో ఆ మాట ఆరు రోజులే చెల్లుతుంది. ఏడో రోజు, ఆదివారం, బేస్‌బాల్ మైదానంలో మూడో బేస్ వైపు కంచె పట్టుకుని నిలబడితే ఎదుటి జట్టుకి ఆ నోరంటే హడల్. ముప్పై ఏళ్ళు ఆమె ఆ కంచె వదల్లేదు. పొరుగూళ్ళ నుంచి వచ్చిన పెద్ద పెద్ద ఆటగాళ్ళు బ్యాట్ పట్టుకుని నిలబడి, బంతి వైపు చూడ్డం మానేసి, ఆ మాట ఎవరన్నారా అని కంచె వైపు చూసిన సందర్భాలు ఊళ్ళో కథలుగా మిగిలాయి.

ఆమె కేవలం అరిచేది కాదు. ముందు చూసేది. బేరానికి వచ్చిన మనిషి చేపని రెండుసార్లు ముట్టుకుంటే కొనదు, ఒక్కసారి ముట్టుకుని వాసన చూస్తే కొంటుంది. ఈ లెక్క ఆమెకి చిన్నప్పుడే పట్టుబడింది. బ్యాట్ పట్టుకున్నవాణ్ణీ అలాగే చూసేది. రెండో స్ట్రైక్ పడగానే, ఇంకొక్కటి పడితే ఔటనగా, ఒకడు కాలి బొటనవేలితో మట్టి గీరుతాడు. ఇంకొకడు బ్యాట్ పిడిని పదేపదే తుడుస్తాడు. మరొకడు బెంచీ మీద కూర్చున్న కోచ్ మొహం చూస్తాడు. మనసు ఒళ్ళు వదిలి బయల్దేరే ఆ క్షణం ఆమెకి దూరం నుంచే తెలిసేది. సరిగ్గా అప్పుడు ఒక మాట విసిరేది. మూడో బంతికి వాడు గాలిని కొట్టి వెనక్కి తిరిగేవాడు.

అలాంటి మనిషి పిల్లలకి బ్యాటింగ్ నేర్పుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఊరి పిల్లల జట్టు, పదకొండు పన్నెండేళ్ళవాళ్ళు, సొంత మైదానంలోనే తొమ్మిది సున్నాతో ఓడింది. కోచ్ ఉబాల్దో మంచివాడు, ఆట తెలిసినవాడు. మోచెయ్యి ఎక్కడుండాలో, నడుము ఎప్పుడు తిరగాలో పిల్లల చేత వెయ్యిసార్లు చేయించినవాడు. ఆట అయ్యాక కంచె దగ్గర నీళ్ళు తాగుతూ, "మోచేతులు బాగానే ఉన్నాయి. నడుములు బాగానే ఉన్నాయి. మరి బంతెందుకు తగల్లేదో ఆ మేరీమాతకే తెలియాలి" అన్నాడు.

"మేరీమాత దాకా ఎందుకయ్యా, నన్నడుగు" అంది ఎదెల్మీరా. "మూడో నంబరువాడు బంతిని చూళ్ళేదు, వాళ్ళ నాన్నని చూశాడు. ఆ పొడుగు పిల్ల రెండో స్ట్రైక్ కాగానే ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంది, ఇక్కడ ఉత్త ఒళ్ళే నిలబడింది. ఆ చొక్కా కాలర్ నమిలే బుడతడున్నాడే, ఎల్కిన్, వాడు బ్యాట్ పట్టుకోకముందే ఔటయిపోయాడు."

"ఇంత తెలిసినదానివి కంచె బయటెందుకు? లోపలికొచ్చి నేర్పు."

"నాకు బ్యాట్ పట్టుకోవడం రాదు."

"బ్యాట్ సంగతి నేను చూసుకుంటా. నువ్వు ఆ భోజనాలూ నిద్రలూ చూడు."

మరుసటి గురువారం మధ్యాహ్నం చేపలు అమ్ముడయ్యాక, పొలుసులు అంటిన ఏప్రన్ విప్పకుండానే ఆమె మైదానంలోకి నడిచింది. వెంట రేవులోంచి మరో ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళలో రొయ్యలమ్మే సునీల్దా నోటికి ఎదెల్మీరాయే ఒకోసారి జంకేది. దారిలో ఎదెల్మీరా వాళ్ళకి షరతులు చెప్పింది.

"అమ్మల జోలికి వెళ్ళొద్దు. ఒంటి రంగు, ఇంటి లేమి, చచ్చిపోయినవాళ్ళు, వీటి మీద మాట పడితే మన నోరే కంపు. ఆట మీద, బద్ధకం మీద, గొప్పలు పోవడం మీద ఎంతైనా అనండి."

"ఇన్ని తీసేశాక ఇంకేం మిగిలింది వదినా, వాతావరణమా?" అంది సునీల్దా.

మిగిలింది చాలానే ఉందని తేలింది. ఉబాల్దో బంతులు వేస్తున్నాడు, పిల్లలు ఒక్కొక్కరే బ్యాట్ పట్టుకుంటున్నారు, ఆడవాళ్ళు అందుకున్నారు.

"ఆ బ్యాట్ దేనికి నాయనా, బట్టలారేసుకోడానికా?"

"తాబేలూ! బంతి బస్సెక్కి వెళ్ళిపోయింది, నువ్వింకా టికెట్టు కొంటున్నావా?"

తాబేలంటే ఎల్కినే. నడక నిదానం. ఆ పేరు వాడికి అన్నప్రాసన నాటినుంచీ ఉన్నట్టే ఊళ్ళో అందరి నోటా నానింది. మొదటి గురువారం నలుగురు పిల్లలు ఏడ్చారు. ఒకడి తల్లి చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఎల్కిన్ ఏడవలేదు, కాలర్ నములుతూ బ్యాట్ భుజాన పెట్టుకుని సరాసరి ఇంటికి పోయాడు. వాడు మళ్ళీ రాడనుకుంది ఎదెల్మీరా. ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

మరుసటి గురువారం వాడే అందరికంటే ముందొచ్చాడు.

"అత్తా, ఇంటికెళ్ళి ఆలోచించా. టికెట్టు మాట గుర్తొచ్చి మంచంమీద ఒకటే నవ్వు."

"నవ్వొచ్చిందా?"

"మరి నిజంగానే లేటుగా తిప్పాగా."

ఆ మాట విన్నాక తన పని ఏమిటో ఆమెకి స్పష్టమైంది. మాటకి భయం పోగొట్టాలి, మాటలో నిజం మిగల్చాలి. అక్కణ్ణుంచి ఇంకో అలవాటు పెట్టింది. మూడు స్ట్రైకులు పడి వెనక్కి వచ్చిన పిల్లలెవరైనా "తప్పయింది" అనకూడదు. తిన్నగా తన దగ్గరికొచ్చి ఆ ఆఖరి బంతి ఎలా వచ్చిందో చెప్పాలి, అంతే.

"ముక్కు దాకా వచ్చి మోకాలికి దిగిపోయిందత్తా."

"చూశావా?"

"చూశా."

"చూసిన చేప ఇవాళ తప్పించుకున్నా రేపు పడుద్ది. పో, నీళ్ళు తాగు."

చూడని పిల్లలు అబద్ధం చెప్పబోయేవాళ్ళు. దాదాపు నలభై ఏళ్ళు బల్ల దగ్గర "నిన్న వేరేచోట ఇంతకంటే తక్కువకి ఇచ్చారే" అనే అబద్ధం విన్న మనిషి ముందు అది సాగేది కాదు. రాను రాను చూడటం అలవాటైంది. చూడటం అలవాటైతే కొట్టడం దానంతటదే వచ్చింది. బ్యాట్ పట్టుకునే ముందు వేడి కాఫీ చల్లార్చుకున్నట్టు పిల్లలంతా నెమ్మదిగా ఊపిరి వదిలేవాళ్ళు. అదీ ఆమె నేర్పిందే. గురువారాల మైదానం ఊరికి సినిమా అయింది. పిల్లలు తిట్లకి ఎదురు తిట్లు కట్టడం మొదలుపెట్టారు. ఒకసారి వాళ్ళు పట్టుబట్టి ఎదెల్మీరా చేతికి బ్యాట్ ఇచ్చారు. ఆమె బలంగా తిప్పి, బంతి తగలక, తన చుట్టూ తాను తిరిగి కూలబడింది. "పిన్నీ, బంతెలా వచ్చింది?" అని పొడుగుపిల్ల అడిగింది. "నాకేం తెలుసే, నేను ఇంటికెళ్ళి పడుకున్నాగా" అందామె మట్టిలో కూర్చునే. ఆ సాయంత్రం నవ్వి నవ్వి ఉబాల్దోకి దగ్గొచ్చింది.

రెండో ఏడాది పిల్లలు వరసగా గెలిచారు. గెలుపుతోపాటే చిక్కూ వచ్చింది.

పిల్లల లీగుకి ప్రెసిడెంటు విల్‌ఫ్రీదో. మందుల షాపు ఆయనది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మర్యాద విషయంలో పట్టింపు మనిషి. జిల్లా సమావేశంలో ఎవరో ఆయన్ని "మీ ఊళ్ళో పిల్లల్ని చేపలమ్మే ఆడవాళ్ళ చేత తిట్టిస్తారట గదా" అని నలుగురిలో అడిగారు. ఆయన మొహం మాడిపోయింది. ఊరికి రాగానే ఎదెల్మీరాని షాపుకి పిలిపించాడు.

"వచ్చే ఆదివారం సాన్ లీనోతో ఆట. అది గెలిస్తే జిల్లా పోటీలు. సాన్ లీనో గడ్డ మీద మనం ఎప్పుడైనా గెలిచామా?"

"లేదండి."

"గెలిస్తే నేనే సమావేశంలో లేచి, ఇది మా పద్ధతి అని చెప్తా. ఓడితే, సోమవారం నుంచి నువ్వూ నీ బృందమూ కంచె లోపల అడుగు పెట్టకూడదు. ఉబాల్దో ఒక్కడే చాలు."

"పిల్లలేమంటారు ప్రెసిడెంటు గారూ?"

"పిల్లల్ని ఎవరడిగారు?"

ఎదెల్మీరా షాపు మెట్లు దిగింది. దారిలో సునీల్దాకి చెబితే, "ఆయన షాపులో జ్వరం మాత్రలు కూడా ఇస్త్రీ చేసే అమ్ముతాడులే" అంది. ఎదెల్మీరా నవ్వింది గానీ ఆ షరతు మనసులోంచి పోలేదు. ఊళ్ళో అందరూ ఇన్నాళ్ళూ ఆమె నోటిని చూసి నవ్వారు, భయపడ్డారు, తిట్టుకున్నారు. ఆ నోటివల్ల ఒకరికి మేలు జరగడం ఆమె చూసింది ఈ రెండేళ్ళలోనే.

ఆదివారం రెండు బస్సులు బయల్దేరాయి. ఒకదాన్లో పిల్లలు, ఇంకోదాన్లో మోగించడానికి గిన్నెలూ మూతలూ పట్టుకుని రేవు మొత్తం. సాన్ లీనో జనం నోరు ఈ తీరంలోనే పేరు మోసింది. అక్కడి కూతలకి పిల్లలు తట్టుకోవాలని ఆ వారం ఎదెల్మీరా గురువారం ఒక్కరోజే కాకుండా రోజూ తిట్టించింది. పిల్లలు రాటుదేలి ఉన్నారు.

బస్సు దిగాక మొదట వాళ్ళు గమనించింది, పాట వినపడకపోవడం. ఆదివారం సాన్ లీనోలో ఏ గుమ్మంలోనూ స్పీకర్ మోగటం లేదు. మైదానం గేటు దగ్గర అంపైర్ ఎదురొచ్చాడు.

"ఊళ్ళో చావు. డాన్ ఎవారిస్తో, మా పెద్దాయన, గురువారం పోయాడు. ఇవాళ తొమ్మిది రోజుల ప్రార్థనల్లో మూడో రోజు. ఇల్లు అదిగో, మూడో బేస్ వెనక రోడ్డు దాటితే. ఆట వాయిదా వేయడానికి జిల్లావాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని ఊరంతా మాట్లాడుకున్నారు. ఆట ఆడతాం గానీ డోలు లేదు, కేక లేదు, గిన్నెలు లేవు. బాగా ఆడితే చేతిరుమాలు ఊపండి."

సునీల్దా చేతిలోని రెండు మూతల వైపు చూసుకుని, శబ్దం కాకుండా వాటిని ఏప్రన్ కింద దాచుకుంది.

ఎవారిస్తో పేరు వినగానే ఎదెల్మీరా ఆగిపోయింది. సాన్ లీనో కంచె దగ్గర ఇరవై ఏళ్ళు ఆమెకి ఎదురు నిలిచిన నోరు అది. పెద్దల ఆటల్లో ఇటునుంచి ఆమె, అటునుంచి ఆయన. ఒకరికొకరు ఎన్నడూ నమస్కారం కూడా పెట్టుకోలేదు, తిట్టుకోవడమే.

ఆట మొదలైంది. ఆరు ఇన్నింగ్స్, ఒక్కోదాన్లో రెండు జట్లకీ చెరో వంతు; టాస్‌లో కాంగ్రేహోకి రెండో వంతు వచ్చింది. సాన్ లీనో పిల్లలు రెండు రోజులుగా ఆ మౌనంలోనే సాధన చేశారు, వాళ్ళకి అలవాటైపోయింది. చకచకా మూడు పరుగులు చేశారు. మైదానం పక్క గట్టు మీద కూర్చున్న ఊరి జనం చేతుల్లో తెల్ల రుమాళ్ళు కొంగల గుంపులా లేచి దిగాయి.

కాంగ్రేహో పిల్లలు బ్యాట్ పట్టుకున్నారు. చీమ చిటుక్కుమనడం లేదు. పొడుగుపిల్ల ఊపిరి వదిలి, నిలబడి, ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. కరెంటు పోయిన ఇంట్లో స్విచ్చి కోసం తడుముకున్నట్టు అటూ ఇటూ చూసింది. ఈలోగా మూడు స్ట్రైకులు పడ్డాయి. ఆ తర్వాతివాడూ అంతే. ఎల్కిన్ కాలర్ నోట్లో పెట్టుకునే వెళ్ళాడు, పెట్టుకునే వచ్చాడు. రెండేళ్ళుగా ఆ కాలర్ నోట్లోకి పోవడం ఆమె చూడలేదు.

"బంతెలా వచ్చిందిరా?"

"తెలీదత్తా." వాడు గొంతు తగ్గించాడు. "ఎవరూ తిట్టట్లేదేంటి? నేనంత బాగున్నానా, లేకపోతే అసలు లేనా?"

మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి మూడు సున్నా. ఒక్క బంతీ బ్యాట్‌కి సరిగా తగల్లేదు. విల్‌ఫ్రీదో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వాచీ చూసుకున్నాడు, అది చాలు.

ఎదెల్మీరాకి తన తప్పు అర్థమైంది. తిట్లకి బెదరకుండా పిల్లల్ని తయారుచేశాననుకుంది. నిజానికి తిట్లు లేకపోతే నిలబడలేనట్టు తయారుచేసింది. కాలు విరగనివాడికి రెండేళ్ళు కర్ర ఇచ్చి నడిపించి, ఇప్పుడు ఆ కర్ర లాగేసుకున్నట్టయింది. ఇంత చూసే మనిషి ఇది చూడలేకపోయింది.

నాలుగో ఇన్నింగ్స్‌లో సాన్ లీనో బ్యాటింగ్‌కి వెళ్ళినప్పుడు ఆమె లేచి రోడ్డు దాటింది. ఊరికి వచ్చి చావింటికి పలకరింపుకి వెళ్ళకపోతే ఎలా?

ఇంటి ముందు టార్పాలిన్ కింద ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురు ముసలివాళ్ళు శబ్దం రాకుండా డామినోలు ఆడుతున్నారు. లోపల నల్ల బట్టల్లో డోన్యా ప్రిస్కా, పోయినాయన భార్య. డెబ్బై దాటిన మనిషి. ఎవరో చిన్న కప్పులో నల్ల కాఫీ తెచ్చి ఎదెల్మీరా చేతిలో పెట్టారు.

"ఎవరమ్మా నువ్వు?"

"కాంగ్రేహో నుంచి వచ్చానమ్మా. ఎదెల్మీరా అంటారు. చేపలమ్ముతా."

ముసలావిడ ఆమెని పైనుంచి కిందకి చూసింది. "నువ్వేనా? మా మూడో బేస్ కుర్రాణ్ణి పెళ్ళి ముందురోజు ఏడిపించింది?"

"అప్పుడు చిన్నదాన్నమ్మా, నోటికి హద్దు ఉండేది కాదు."

"మా ఆయన ఇంటికొచ్చి అన్నం తింటూ నీ మాటలే చెప్పేవాడు. 'ఆ ఆడది ఒక మాటంది ప్రిస్కా, దానికి జవాబు వచ్చే ఆదివారానికి గానీ దొరకదు' అని మంగళవారం దాకా నిద్రపోయేవాడు కాదు. నాకు నీ మీద అనుమానం కూడా వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. చెవి రోడ్డు వైపు పెట్టింది. "ఆట అవలేదా? ఏం వినపడదే?"

"మీ ఇంట్లో చావని ఊరంతా నోరు కట్టేసుకుందమ్మా."

"ఎవరు చెప్పారలా?"

"మీరే కోరారనుకున్నాను."

"నన్నెవరూ అడగలేదు. ఫాదరూ ఆ పెద్దమనుషులూ వాళ్ళలో వాళ్ళే అనుకునుంటారు." ప్రిస్కా గొంతు గట్టిపడింది. "నలభై ఏళ్ళు ఆ కంచె పట్టుకుని అరిచిన మనిషికి ఇదా మర్యాద? ఆయన పెట్టెలో కూడా ఈ మౌనానికి ఇటునుంచి అటు దొర్లుతుంటాడు."

ఎదెల్మీరా కప్పు కింద పెట్టింది. ఇక్కడ ఆమె ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"అమ్మా, ఒక మాట దాచకుండా చెప్తా. మీవాళ్ళు తిడితే నా పిల్లలు బాగా ఆడతారు. నేనలా పెంచాను. మీరు నోరు విప్పిస్తే మీ ఊరు ఓడిపోవచ్చు."

ముసలావిడ మొహంలోకి రక్తం వచ్చింది. "ఏంటీ? సాన్ లీనో నోటికి తట్టుకునే పిల్లలా? నా కుర్చీ బయటికి తియ్యండి రా!"

నాలుగో ఇన్నింగ్స్‌లో కాంగ్రేహో వంతు వచ్చేసరికి మూడో బేస్ కంచె పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వెలిసింది. అందులో నఖశిఖపర్యంతం నల్లబట్టలో ప్రిస్కా. గట్టు మీద జనం లేచి నిలబడి టోపీలు తీశారు. ఆవిడ వాళ్ళని పట్టించుకోలేదు. బ్యాట్ పట్టుకుని నిలబడిన ఎల్కిన్‌ని కాసేపు చూసింది. తర్వాత మైదానం మొత్తం వినపడేలా అంది:

"ఏరా, కళ్ళు మూసుకున్నావేంటి? ప్రార్థన ఆరింటికి!"

జనం బిగుసుకుపోయారు. అంపైర్ మాస్క్ ఎత్తి చూశాడు.

"నిన్నేరా! నా మొగుడు పెట్టెలో పడుకుని కూడా నీకంటే చురుగ్గా కదిలాడు, మోసినవాళ్ళనడుగు!"

ముందు డామినో ముసలివాళ్ళలో ఒకడు పక్కున నవ్వాడు. ఆపైన గట్టు మొత్తం తెగిన కట్టలా బద్దలైంది. మూడు రోజులుగా బిగబట్టిన ఊరు నవ్వింది, ఏడ్చింది, ఆ తర్వాత తనకి తెలిసిన పని మొదలుపెట్టింది. ఎల్కిన్ నోట్లోంచి కాలర్ జారిపోయింది. వాడి మొహం మీదికి నవ్వొచ్చింది. తర్వాతి బంతిని రెండో బేస్ మీదుగా కొట్టాడు.

"డోలు ఏదే? ఆ మూతలు తియ్యవే!" అని సునీల్దాకి ఇటునుంచి కేకలు. ఇక ఆ రెండు ఇన్నింగ్స్ సంగతి చెప్పేదేముంది? ప్రిస్కా ఒక మాటంటే సునీల్దా రెండంది. ప్రిస్కా కుర్చీలోంచి లేచి మూడంది. "అమ్మా, కాస్త నీళ్ళు తాగండి, గొంతు పోతుంది" అని ఎదెల్మీరా మంచినీళ్ళు పంపితే, "మందు కలిపావా?" అని అడిగి మరీ తాగింది. ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి మూడు మూడు. ఆరోదానికి, అంటే ఆఖరిదానికి, సాన్ లీనో ఇంకో పరుగు తీసింది. నాలుగు మూడు.

కాంగ్రేహో ఆఖరి వంతు. ఇద్దరు ఔటయ్యారు. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద పొడుగుపిల్ల. బ్యాట్ పట్టుకోవలసింది ఎల్కిన్.

సరిగ్గా అప్పుడు చర్చి గంట కొట్టింది. ఆరు.

ప్రిస్కా లేచింది. "జపమాలకి వేళయింది" అంది. గట్టు మీద మగవాళ్ళు టోపీలు తీశారు, ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్చీ రోడ్డు దాటింది. తెరిచిన కిటికీలోంచి ప్రార్థన సన్నగా మొదలైంది. మైదానం మళ్ళీ మూగబోయింది.

ఎల్కిన్ చెయ్యి ఎత్తి అంపైర్ని ఒక్క నిమిషం అడిగి కంచె దగ్గరికి వచ్చాడు. కాలర్ అంచు పెదవి దాకా వచ్చింది.

"అత్తా, మళ్ళీ నిశ్శబ్దం." గుసగుసగా అన్నాడు. "నువ్వైనా ఒకటి అను. మెల్లగా. నాకొక్కడికే వినపడేలా."

ఎదెల్మీరా నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది, మంచి మాట, వాడు నవ్వే మాట. దాన్ని మింగేసింది. యాభై మూడేళ్ళలో ఆమె నోటిదాకా వచ్చి మింగిన మాట అదొక్కటే కావచ్చు.

"ఇందాక ప్రిస్కా అమ్మ తిడుతుండగా కొట్టావుగా. బంతి వాడి చెయ్యి వదిలాక ఆవిడేమంది?"

వాడు ఆలోచించాడు. "ఏమో. వినపళ్ళేదు."

"గురువారాలు సునీల్దా?"

"చేతిలో బంతి ఉన్నంతసేపూ వినపడుద్దత్తా. వదిలాక వినపడదు."

"వదిలాక ఏం వినపడుద్ది?"

"ఏమీ వినపడదు. ఉత్త బంతే ఉంటది."

"మరిప్పుడేం వినపడుతోంది?"

ఎల్కిన్ తల ఎత్తాడు. కిటికీలోంచి ప్రార్థన గొణుగుడు, దూరంగా ఎక్కడో ఒక కుక్క. వాడి కనుబొమ్మలు విడిపోయాయి.

"ఇది అదే గదా!"

"అదే. రోజూ నువ్వు వెళ్ళొచ్చే చోటే. ఇవాళ తలుపు కాస్త ముందే తీసిపెట్టారు, అంతే. పో."

వాడు తాబేలు నడక నడుచుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు. కాఫీ చల్లార్చుకున్నట్టు ఊపిరి వదిలాడు. మొదటి బంతి కిందకి వచ్చింది, వదిలేశాడు. రెండోది కొడితే గీత బయట పడింది, అదొక స్ట్రైక్. మూడోదానికి బ్యాట్ గాల్లోనే తిరిగింది, రెండు స్ట్రైకులు. ఎదెల్మీరా వాడి కాలి బొటనవేలు చూసింది, కదల్లేదు. చేతులు చూసింది, పిడిని తుడవలేదు. కళ్ళు చూసింది. వాటిలో తను లేదు, ఉబాల్దో లేడు, ప్రెసిడెంటు లేడు. వాడు ఇంటికి పోలేదు, అక్కడే ఉన్నాడు.

నాలుగో బంతి తగిలిన చప్పుడు ఆ సాయంత్రం మొత్తానికీ పెద్ద శబ్దం. కుడివైపు ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోయింది. పొడుగుపిల్ల వచ్చేసింది. వెనకాలే రెండోవాడు మట్టిలో జారుకుంటూ వచ్చి, బ్యాట్ పట్టుకునే చోట నేలలో ఉన్న తెల్లపలకని తాకాడు. అంపైర్ నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకుని, రెండు చేతులూ బార చాపాడు. చేరాడు. ఐదు నాలుగు.

అప్పుడు జరిగింది చూడటానికే తప్ప వినటానికి కాదు. పిల్లలంతా నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని గెంతుతున్నారు. ఎల్కిన్ని కింద పడేసి మీద పడ్డారు, చప్పుడు లేదు. సునీల్దా రెండు మూతలు రెండు చేతుల్లో ఎత్తి, దగ్గరికి తెచ్చి, తాకడానికి వేలెడు దూరంలో ఆపి, మళ్ళీ దూరం జరిపి, అలా గాల్లోనే మోగించింది. ఉబాల్దో మౌనంగా ఏడుస్తున్నాడు. సాన్ లీనో గట్టు మీద ఒక రుమాలు లేచింది, తర్వాత ఇంకొకటి, తర్వాత బోలెడు. కిటికీలోంచి ప్రార్థన ఆగకుండా సాగుతూనే ఉంది.

ఎదెల్మీరా పిల్లల్ని వరసలో నిలబెట్టి రోడ్డు దాటించింది. మట్టి బూట్లు గుమ్మం బయట విప్పించింది. వాళ్ళు గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముందు వరసలో జపమాల తిప్పుతున్న ప్రిస్కా, పెదాలు ఆపకుండానే ఒక కన్ను తెరిచి వెనక్కి చూసింది. కనుబొమ్మ ఎగరేసింది. ఎదెల్మీరా ఒక చేత్తో ఐదు, రెండో చేత్తో నాలుగు వేళ్ళు చూపించింది. ప్రిస్కా ఏ చెయ్యి ఎవరిదన్నట్టు గడ్డం కదిపింది. ఎదెల్మీరా ఐదు వేళ్ళ చేతిని తన గుండె మీద పెట్టుకుంది. ముసలావిడ కన్ను మూసుకుని, మిగిలినవాళ్ళకంటే రెండింతలు గట్టిగా ప్రార్థన అందుకుంది.

విల్‌ఫ్రీదో గుమ్మం బయట బూట్ల కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె బయటికి రాగానే దగ్గరికొచ్చి చెవిలో నోరు పెట్టాడు. ఆయన ఇస్త్రీ చొక్కా మీద ఎవరిదో చిన్న చేతి మట్టి ముద్ర అలాగే ఉంది.

"జిల్లా పోటీలు ఇరవై రోజుల్లో. అక్కడ అరుస్తారో, నోరు మూసుకుంటారో తెలీదు."

"రెండూ నేర్పిస్తా ప్రెసిడెంటు గారూ. ఒక గురువారం తిట్లు, ఒక గురువారం మౌనం."

"మౌనమా? మీ నలుగురూనా?" ఆయన మొదటిసారి నవ్వాడు, చప్పుడు లేకుండా. "అది చూడ్డానికి నేనొస్తా."